వేలు ఒకచోట, నోరు ఒకచోట

పింఛను గురించి పేపర్లో ఏదో పడిందని ఎవరో చెబితే అవ్వ మనవణ్ని పిలుస్తుంది. వాడు ఏడో తరగతి. అరుగు మీద కూర్చుని వార్త మొత్తం గడగడా చదివేస్తాడు. ఒక్క వత్తు తప్పిపోదు, ఒక్క దీర్ఘం జారిపోదు. అంతా విని అవ్వ అడుగుతుంది: "మంచిగ సదివినవ్ గానీ, ఏం రాసిన్రురా అందుల?" మనవడు తెల్లమొహం వేస్తాడు. "ఆగవ్వా, మళ్లొకపారి సూస్త" అంటాడు. ఈసారి నోరు మెదపకుండా కళ్లతోనే ఒకసారి తిరగేసి, డబ్బులు ఎప్పుడు పడతాయో, ఏ కాగితం పట్టుకెళ్లాలో చెప్పేస్తాడు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ఊళ్లలో ఒకరు చదివితే పదిమంది వినడం కొత్త సంగతేమీ కాదు. 2011 జనాభా లెక్కలను ఇప్పటి జిల్లాల ప్రకారం సర్ది చూస్తే జోగులాంబ గద్వాలలో అక్షరాస్యత 50 శాతం లోపే. తెలంగాణ జిల్లాలన్నింటిలోకీ అదే తక్కువ. గద్వాల ప్రాంతపు మనిషే అయిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టేనాటికి చదువు వచ్చినవాళ్లు ఇంకా అరుదు. పత్రిక ఒకరి చేతిలో ఉండేది, వార్త చుట్టూ ఉన్నవాళ్లందరి చెవిన పడేది. చదివిపెట్టే గొంతుకు ఇక్కడ ఇప్పటికీ పని ఉంది.

ఆ గొంతు వెనుక జరిగేదేమిటన్నదే మన ప్రశ్న. మొదటిసారి కూడా ప్రతి అక్షరం మనవడి కంట్లో పడింది, నోటి నుంచి బయటికొచ్చింది. అర్థం మాత్రం ఎటు పోయినట్టు? వాడు పరధ్యానంగా లేడు. చెప్పాలంటే మరీ ధ్యాసగా ఉన్నాడు. ఆ ధ్యాస ఎక్కడ పెట్టాడన్నదే లెక్క.

నీళ్లు ఒకటే, మడులు మూడు

బోరు కింద వరి వేసిన రైతుకు ఈ లెక్క బాగా తెలుసు. మోటారు పోసే నీళ్లు ఇన్నేనని తేలిపోయాక ఒక మడికి గండి కొట్టాలంటే ఇంకో మడికి కట్ట వేయాలి. పైకి చదివేవాడి బుర్రలోనూ మూడు మడులున్నాయి. అక్షరాన్ని గుర్తుపట్టి ధ్వనిగా మార్చడం ఒకటి. ఆ ధ్వనిని నోటితో, సరైన చోట ఆగుతూ, వినేవాళ్లకు అందేలా పలకడం రెండోది. పలికిన మాటలను కలిపి అర్థం కట్టుకోవడం మూడోది. ధ్యాస అనే నీరు మూడింటికీ ఒకే బోరు నుంచి రావాలి.

1974లో అమెరికాలో డేవిడ్ లాబెర్జ్, జే శామ్యూల్స్ అనే ఇద్దరు చదువు గురించి చెప్పిన సిద్ధాంతపు సారం ఇదే. మొదటి మడి బాగా నానిపోయి ఇక నీరు అడగని స్థితికి వస్తేనే మూడో మడికి నీరు ఎక్కుతుంది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికి నీళ్లన్నీ అక్కడే ఇంకిపోతాయి. 'ఒ-క-ఊ-రి-లో' అని పలికేసరికి ఊరూ ఉండదు, అందులో ఎవరున్నారో కూడా ఉండదు. మన మనవడికి మొదటి మడి గొడవ లేదు. వాడి నీళ్లన్నీ రెండో మడి తాగేసింది. అవ్వ వింటోంది, పక్కింటివాళ్లు వింటున్నారు, తప్పు చదివితే నవ్వుతారు. అందుకని ఉన్న ధ్యాసంతా ఉచ్చారణ మీద పెట్టాడు. రెండోసారి వినేవాళ్లు లేరు, ఉచ్చారణతో పని లేదు, నీరు నేరుగా అర్థానికి పారింది.

ఇది అందరికీ ఒకే తీరున వర్తించదు. చదువు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు పైకి చదవడమే సాయం. తమ గొంతు తామే వింటూ మాటను పట్టుకుంటారు. చదువు బాగా వచ్చేసినవాళ్లకే నోరు అప్పుడప్పుడు అడ్డు తగులుతుంది.

రంగు చెప్పమంటే మాట వస్తుంది

తెలుగు అలవాటైన మనిషి కంటికి 'ఎరుపు' అనే మాట కనబడితే దాన్ని చదవకుండా ఉండటం చాలా కష్టం. ఆకుపచ్చ సిరాతో 'ఎరుపు' అని రాసి, "ఏం రాశారో అక్కర్లేదు, సిరా రంగు చెప్పు" అంటే నాలుక తడబడుతుంది. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికా పరిశోధకుడు దీన్ని గడియారం పెట్టి కొలిచాడు. రంగు చదరపు గళ్లు 100 చూపించి రంగులు చెప్పమంటే సగటున 63 సెకన్లు పట్టింది. వేరే రంగు పేరు రాసి ఉన్న 100 మాటల సిరా రంగు చెప్పమంటే 110 సెకన్లు. అదే తిప్పి, సిరా రంగు ఏదైనా సరే మాట చదవమంటే మాత్రం పెద్ద ఇబ్బందేమీ రాలేదు. నల్ల సిరా మాటలు చదవడానికి పట్టిన 41 సెకన్లు 43 అయ్యాయి, అంతే.

దీన్ని చూసి దశాబ్దాల పాటు శాస్త్రవేత్తలు ఒక మాట మీద ఉండిపోయారు: చదువు వచ్చినవాడికి చదవడం దానంతటదే జరిగిపోతుంది, ధ్యాసతో పని లేదు అని. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కిన ఈ మాటను కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో డెరెక్ బెస్నర్ బృందం గట్టిగా ప్రశ్నించింది. 1997లో వాళ్లు చేసిన మార్పు చిన్నది. మాట మొత్తానికి రంగు వేయకుండా ఒక్క అక్షరానికే వేశారు. ఆ అక్షరం రంగు చెప్పమన్నారు. నాలుక తడబాటు బాగా తగ్గిపోయింది. ధ్యాస ఒక్క అక్షరం మీద ఇరుక్కుపోయేసరికి, కళ్ల ముందు మాట మొత్తం ఉన్నా, దాన్ని చదవడం అనే పని సగంలోనే నిలిచిపోయింది.

2006లో అదే బృందం నుంచి మైకేల్ రేనాల్డ్స్, బెస్నర్ ఇంకో పరీక్ష చేశారు. చెవిలో ఒక శబ్దం వినిపిస్తుంది. అది సన్నదో బొంగురుదో చెప్పాలి. ఆ వెంటనే తెర మీద అక్షరాల వరుస పడుతుంది. దాన్ని పైకి చదవాలి. రెండింటికీ మధ్య ఎడం తగ్గేకొద్దీ చదువు వెనకబడింది. అక్షరాలను ధ్వనిగా మార్చే మెట్టు శబ్దం పని తేలేదాకా ఆగి కూర్చుంది. చదవడం పూర్తిగా దానంతటదే జరిగే పనైతే అలా ఆగాల్సిన అవసరం ఉండేది కాదు.

బెస్నర్ చూపించిన ఆ ఒక్క అక్షరం సంగతి మన బడులకు నేరుగా తగిలేది, కాబట్టి మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఇంట్లో చేసి చూడండి

*ఒకటి.* స్కెచ్ పెన్నులతో ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అనే మాటలను తప్పు రంగుల్లో ఒక ఇరవై రాయండి. ఇంట్లో పెద్దపిల్లల చేత సిరా రంగులు వరసగా చెప్పించండి. తర్వాత ఇంకా అక్షరాలు రాని చిన్నపిల్లను అడగండి. రంగుల పేర్లు తెలిసిన పిల్లయితే ఆమెకు ఏ తికమకా ఉండదు.

*రెండు.* ఈ వాక్యాన్ని మామూలుగా ఒకసారి చదివి, అందులో గ-గుణింతం అక్షరాలు (గ, గి, గు లాంటివి) ఎన్నున్నాయో లెక్కపెట్టండి:

గద్వాల కోటలో గుళ్లో గంట మోగితే గల్లీలో పిల్లలు గలగలా నవ్వుకుంటూ గుడి వైపు పరిగెత్తారు.

ఉన్నవి తొమ్మిది. మాట మొదట్లో ఉన్నవాటిని కన్ను ఇట్టే పట్టేస్తుంది. 'మోగితే', 'పరిగెత్తారు' నడుమ దాక్కున్నవి చూశారా? చదవడం బాగా వచ్చినవాళ్ల ధ్యాస మాట మీద ఉంటుంది, అక్షరం మీద కాదు. అచ్చుతప్పులు రాసినవాళ్లకే కనబడకపోవడానికి కారణం కూడా ఇదే.

'శక్తి' దగ్గర కన్ను చేసే ప్రయాణం

ఇంగ్లిషు చదువు మీద వచ్చినన్ని పరిశోధనల్లో పదో వంతు కూడా మన లిపుల మీద రాలేదు. అయినా తెలుగు అక్షరాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే ధ్యాసకు ఇక్కడ ఎంత పని ఉందో తెలిసిపోతుంది.

'శక్తి' అనే మాట తీసుకోండి. మొదట శ. తర్వాత క. దాని నెత్తిన గుడి. దాని కింద త వత్తు. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి కనబడింది కనబడినట్టు చదువుకుంటూ పోతే 'శకిత' అవుతుంది. రెండో తరగతి గదిలో అచ్చంగా ఇలాగే చదివే పిల్లలుంటారు. వాళ్లు తప్పు చూడలేదు. ఉన్నవన్నీ చూశారు, ఉన్న వరసలోనే చూశారు. సమస్య ఏమిటంటే గుడి క మీద కూర్చున్నా దాని ధ్వని త-కు చెందుతుంది. కన్ను క దగ్గర ఆగాలి, నెత్తిన ఉన్న గుడిని చూసి కూడా పలకకుండా పట్టి ఉంచాలి, కిందికి దిగి త వత్తును అందుకోవాలి, అప్పుడు పైనున్న గుడిని తెచ్చి దానికి తగిలించాలి. 'స్త్రీ' అయితే ఈ ప్రయాణంలో ఇంకో మజిలీ. 'ప్ర' సంగతి మరీ విచిత్రం: క్రావడి (ర వత్తు) చాలా అచ్చు అక్షరాల్లో ఎడమ పక్క నుంచే మొదలవుతుంది, పలకడం మాత్రం ప తర్వాత.

పెద్దవాళ్లమైన మనకు ఈ ప్రయాణం తెలియను కూడా తెలియదు. 'క్తి' మనకు ఒకే బొమ్మ. పిల్లకు అది మూడు ముక్కలు, మూడింటినీ సరైన వరసలో పేర్చేదాకా ధ్యాస అక్కడే బందీ. హిందీలో హ్రస్వ 'ఇ' గుర్తు హల్లుకు ముందు రాస్తారు, తర్వాత పలుకుతారు. జ్యోత్స్న వైద్, ఆశుం గుప్తా 2002లో ప్రచురించిన పరిశోధనలో ఇలా రాతకూ పలుకుకూ వరస తప్పిన మాటలు చదవడానికి ఎక్కువ సమయం పట్టింది. మన వత్తులూ గుడులూ పెట్టే ఇబ్బంది కూడా ఆ జాతిదే.

ఇంకో చిక్కు సందు లేకపోవడం. చేయి చాచి బొటనవేలు గోరు చూడండి. కంటికి అక్షరం స్పష్టంగా కనబడే మేర దాదాపు అంతే. ఆ మేరకు బయట అక్షరం మసకబారడమే కాదు, పక్కనున్న గీతలతో కలిసిపోతుంది కూడా. ఈ కలిసిపోవడాన్ని 1970లో నెదర్లాండ్స్‌కు చెందిన హెర్మన్ బౌమా కొలిచి చూపించాడు. చూపు మధ్య నుంచి ఎంత దూరమైతే అక్షరాల మధ్య అంత ఎక్కువ ఖాళీ కావాలి. తెలుగులో కింద వత్తు, పైన గుడి, ఆ పక్కనే మరో దీర్ఘం, ఆ కింది వరస అక్షరం నెత్తి కూడా దగ్గరే. ద-కు కింద చిన్న గీత గీస్తే ధ. ర కడుపులో చుక్క పెడితే ఠ. అంత చిన్న తేడాను పట్టుకోవాలంటే కన్ను ఎదురుగా వచ్చి నిలబడాల్సిందే. వరసల మధ్య జాగా పిసినారితనంగా వదిలి అచ్చువేసిన పిల్లల పుస్తకాలను చూస్తే అందుకే నాకు చిరాకు.

తెలుగుతో దగ్గరి చుట్టరికం ఉన్న కన్నడ లిపి మీద బెంగళూరులో సొనాలీ నాగ్ చేసిన పని 2007లో వెలువడింది. అక్షరాల మీద పూర్తి పట్టు నాలుగో తరగతి పిల్లల్లో కూడా ఇంకా ఏర్పడుతూనే ఉందని అందులో తేలింది. ఇంగ్లిషులో 26 అక్షరాలైతే మనకు గుణింతాలు, వత్తులు కలుపుకుని వందల రూపాలు. ఒకటో తరగతి అయిపోయాక కూడా పిల్ల తడుముకుంటోందంటే అది మొద్దుతనం కాదు, ఆ లిపికి అంత సమయం కావాలి.

కరెంటు పోయినా ఆగని నోరు

రాత్రిపూట పైకి చదువుతున్నప్పుడు ఠక్కున కరెంటు పోతే ఏమవుతుంది? నోరు వెంటనే ఆగదు. చీకట్లోనే మరో మాటో రెండు మాటలో పలికి అప్పుడు ఆగుతుంది. నోటి కంటే కన్ను ముందు నడుస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 1897లోనే జె.ఓ. క్వాంట్జ్ అనే పరిశోధకుడు చదువుతున్న పేజీని అట్టముక్కతో హఠాత్తుగా మూసి, ఆ తర్వాత ఎన్ని మాటలు వస్తాయో లెక్కపెట్టాడు. 1920లో షికాగోలో గై బస్వెల్ కంటి కదలికల ఫొటోలు తీసి కన్నుకూ గొంతుకూ మధ్య ఎడాన్ని కొలిచాడు. బాగా చదివే పిల్లల్లో ఆ ఎడం ఎక్కువ, తడుముకునే పిల్లల్లో తక్కువ. తడుముకునే పిల్ల కన్ను, నోరు ఒకే అక్షరం మీద ఉంటాయి.

ఈ ఎడం ఉండబట్టే వాక్యం చివర ప్రశ్న గుర్తు ఉందని ముందే పసిగట్టి గొంతు లేపగలం. ఎడం లేనివాడు వాక్యాన్ని చప్పగా ఒకే రాగంలో లాగి, చివరికొచ్చాక 'అరె, ఇది ప్రశ్నా' అనుకుంటాడు. మన బడి పిల్లల ఆ సాగదీత రాగం అంతా ఇందులోంచి పుట్టిందే. తెలుగులో మాటలు పొడవు కూడా. 'వెళ్లిపోవలసివచ్చిందని' అనేది ఒక్క మాటే, ఒక చూపులో ఇమడదు. కన్ను దాని మీద రెండు మూడు చోట్ల ఆగాలి.

పాత పుస్తకాలు చదివేవాళ్లకైతే ఎడం లేకుండా గడిచేదే కాదు. వలపలగిలక వాడిన అచ్చులో 'ధర్మము'లోని ర-కారపు గుర్తు మ పక్కన, కుడివైపున ఉంటుంది. పలకాల్సింది మాత్రం మ కంటే ముందు. కన్ను మ దాటి వెళ్లి గిలకను చూసొస్తే తప్ప నోరు మ అనడానికి లేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాల పండితులు ఇలాంటి అచ్చులోనే పుస్తకాలు చదివి వినిపించారు.

చ, జ అక్షరాలు ఇంకో ముచ్చట. తెలుగులో రాసిందే చదువుతామని గర్వంగా చెప్పుకుంటాం. మరి 'చలి'లో చ, 'చంద్రుడు'లో చ ఒకటేనా? 'జల్లెడ'లో జ, 'జలం'లో జ? రాత ఒకటే, నాలుక తగిలే చోటు వేరు. మాట ఏదో తెలిస్తే తప్ప ఏ చ పలకాలో తెలియదు. అంటే ఇక్కడ ధ్యాస అక్షరం నుంచి మాటకు ఎక్కి, మాట నుంచి మళ్లీ అక్షరానికి దిగాలి. అక్షరం అక్షరంగా కూడబలికే పిల్ల 'చలి'ని 'చంద్రుడు' చ-తో చదివేస్తుంది. ఇక రాయచూరు వైపు ఊళ్లలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకైతే 'చలి'లోని ఆ దంత్య చ ఇంటి భాషలోనే లేదు. వాళ్లు అలా చదివితే అది చదువులో లోపం కాదు.

ఒకే గదిలో రెండు తరగతులు

చిన్న ఊళ్ల ప్రాథమిక పాఠశాలల్లో ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోవడం మామూలు. ఒక మూల ఎక్కాలు, ఇంకో మూల పద్యం, నడుమ ఒక పిల్ల పాఠం చదువుతుంటుంది. 'పక్కవాళ్ల గోల పట్టించుకోకు' అని సులువుగా చెప్పేస్తాం. అది చెవి చేతిలో లేదు. 1976లో హెర్బర్ట్ కోల్, అలన్ వెల్ష్ చేసిన ప్రయోగంలో తెర మీద అక్షరాలు చూసి వరస గుర్తుపెట్టుకోవాల్సినవాళ్లకు వెనకాల జర్మన్ వచనం వినిపించారు. వాళ్లకు జర్మన్ రాదు, దాన్ని పట్టించుకోవద్దని కూడా చెప్పారు. అయినా తప్పులు పెరిగాయి. మనిషి మాట అర్థం కాకపోయినా సరే, మనం మనసులో అక్షరాలను వరసగా పేర్చుకునే చోటికే వచ్చి పడుతుంది. ఫ్యాను చప్పుడు కన్నా టీవీ సీరియల్ చదువుకు ఎక్కువ చేటు చేసేది ఇందుకే.

దీనికి ఎదురు నిలిచిన విద్య ఒకటి ఈ నేల మీద బాగా వర్ధిల్లింది. 'విద్వద్గద్వాల' అని పేరు తెచ్చుకున్న సంస్థానానికి తిరుపతి వేంకట కవులతో సహా ఎందరో అవధానులు వచ్చిపోయారు. అష్టావధానంలో ఒకరు నిషేధాక్షరాలు చెబుతుంటారు, ఒకరు సమస్య ఇస్తారు, గంట మోగితే ఆ దెబ్బలు లెక్కపెట్టాలి. వ్యస్తాక్షరిలో ఒక వాక్యపు అక్షరాలను వరస తప్పించి, నడుమ నడుమ అందిస్తారు. అవన్నీ మనసులో పేర్చి చివర్లో పైకి చదివి వినిపించాలి. వీటన్నిటి మధ్యా అప్రస్తుత ప్రసంగం చేసే మనిషి పని ఒక్కటే, ధ్యాస లాగేయడం. 1953లో కొలిన్ చెర్రీ ఒక చెవిలో ఒక ప్రసంగం, రెండో చెవిలో మరొకటి వినిపించి, ఒకదాన్నే పైకి పలుకుతూ రమ్మన్నప్పుడు రెండో చెవిలో ఇంగ్లిషు కాస్తా జర్మన్‌గా మారిపోయినా జనం గమనించలేదు. అవధానికి ఆ సౌకర్యం లేదు. అప్రస్తుత ప్రసంగికి కూడా ఛలోక్తిగా జవాబు చెప్పాలి. అతనికి ఎనిమిది ధ్యాసలున్నాయని కాదు. ఛందస్సు, యతిప్రాసలు ఏళ్ల తరబడి సాధనతో నీరు అడగని స్థితికి వచ్చేశాయి, మిగిలింది మళ్లించుకోవడమే. మూడో తరగతి పిల్లకు ఆ మిగులు లేదు కాబట్టి ఆమెకు కావాల్సింది నిశ్శబ్దం.

మెదడుకు దెబ్బ తగిలినప్పుడు

ధ్యాసకూ చదువుకూ ఉన్న ముడి మరీ స్పష్టంగా బయటపడేది పక్షవాతం వచ్చినవాళ్లలో. మెదడు కుడి భాగంలో, నడినెత్తికి కాస్త వెనకాల దెబ్బ తగిలితే కొందరికి ఎడమవైపు లోకం ధ్యాసలోకి రావడం మానేస్తుంది. కన్ను బాగానే ఉంటుంది. మాట మొదటి అక్షరం మాత్రం వదిలేస్తారు, లేదంటే దాని చోట ఇంకేదో పెట్టి చదువుతారు. ఇంకో రకం ఉంది. 1977లో బ్రిటన్‌లో టిమ్ షాలిస్, ఎలిజబెత్ వారింగ్టన్ ఇద్దరు రోగులను పరీక్షించారు. విడిగా ఉన్న మాటను వాళ్లు చక్కగా చదివారు. పక్కన ఇంకో మాట పెడితే చాలు, దాని అక్షరాలు దీనిలోకి వచ్చి కలిశాయి. ఒక మాటకు మాత్రమే ధ్యాసను పరిమితం చేసే పని వాళ్లలో దెబ్బతింది. తెర మీద క్షణమాత్రం రెండు మాటలు చూపిస్తే ఆరోగ్యవంతులకూ ఇలాంటి వలస కనిపిస్తుందని 1983లో మైకేల్ మోజర్ చూపించాడు. పిల్ల పక్క మాట అక్షరాన్ని తెచ్చి ఈ మాటలో పెడితే చుట్టూ ఉన్న మాటలను కాగితంతో మూసి చదివించి చూడటం మంచిది. అప్పుడు సరిగ్గా చదివితే ఆమెకు అక్షరాలు వచ్చినట్టే.

తప్పు వినడం

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్ల నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలంటుంది. తెలంగాణలో 2022లో అదే దారిలో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. నిమిషానికి ఎన్ని మాటలన్న కొలత పనికొచ్చేదే, కానీ 'వెళ్లిపోవలసివచ్చిందని' కూడా ఒక మాటే, 'నే' కూడా ఒక మాటే. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేసిన సర్వేలో 20 భాషలకు వేర్వేరు ప్రమాణాలు పెట్టింది, సబబైన పని. ఏ భాషకైనా ఈ కొలతలో ఒక ప్రమాదం ఉంది. గడియారం పట్టుకుని కూర్చుంటే నీరంతా వేగానికి పోతుంది, 'అర్థంతో' అన్న మాట మిగిలిపోతుంది.

వేగం కన్నా తప్పుల్లో ఎక్కువ సమాచారం ఉంటుందని నా అభిప్రాయం. అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ 1960లలో ఇదే పట్టుకుని కూర్చున్నాడు: పిల్లలు ఎక్కడ, ఎలా తప్పు చదువుతారో రాసుకోవడం. మన తరగతి గదిలో పుస్తకంలో 'బడికి వెళ్తున్నాడు' అని ఉంటుంది. ఒక పిల్లవాడు 'బడికి పోతుండు' అని చదువుతాడు. ఇంకొకడు 'బడికి వెళ్‌-తు-న్నా-డు' అని అక్షరం పొల్లుపోకుండా చదువుతాడు. మూడో పిల్ల 'బడికి వెళ్లనాడు' అంటుంది. మార్కులు రెండోవాడికి పడతాయి. మొదటివాడి కన్ను మాట చివరిదాకా వెళ్లింది, అర్థం పట్టుకుంది, దాన్ని ఇంటి తెలుగులో నోటికి ఇచ్చింది. మూడింట్లోకీ ముదిరిన చదువు వాడిదే. అతనికి చెప్పాల్సింది 'సరే, పుస్తకంలో ఎట్ల రాసిన్రో ఒకపారి సూడు' అన్నంతే. రెండోవాడికి అదే పాఠం మళ్లీ మళ్లీ కావాలి, అక్షరాలు నీరు అడగడం మానేదాకా. మూడో పిల్ల మాట తలా తోకా పట్టుకుని నడుమ వదిలేసింది. ఆమెకు వత్తులున్న మాటలు విడిగా, పెద్దగా రాసి ఇవ్వాలి.

వేలు సంగతికి వద్దాం. అక్షరం అక్షరానికీ వేలు పెట్టి చదివించే అలవాటు మనకు పాతది. అక్షరాలు నేర్చే మొదటి నెలల్లో అది కావాలి కూడా. ఆ తర్వాత కూడా అదే సాగితే బెస్నర్ ప్రయోగంలో ఒక్క అక్షరానికి రంగు పూసినప్పుడు జరిగిందే జరుగుతుంది: ధ్యాస అక్షరంలో ఇరుక్కుంటుంది, మాట ఏర్పడదు. అప్పుడు వేలిని అక్షరం కింద నుంచి తీసి మాట కింద ఆనించి, ఒక్క ఊపులో చివరిదాకా జరిపించాలి. ఇంకొన్నాళ్లకు మాట మొదట్లో తాకితే చాలు. తరగతి అంతా కోరస్‌గా చదివేటప్పుడు ఒక్కొక్కరి వేలు చూస్తూ పోతే మరో సంగతి బయటపడుతుంది. కొందరి నోరు మూడో వరసలో ఉంటుంది, వేలు రెండో వరసలోనే ఉంటుంది. వాళ్లు చదవడం లేదు, పక్కవాళ్ల గొంతు విని అప్పజెబుతున్నారు. వేలు పెట్టించడానికి అసలు ఉపయోగం ఇదేనేమో.

పరీక్షల ముందు పైకి చదివి బట్టీ పట్టే పెద్దపిల్లలకూ ఒక మాట ఉంది. నిశ్శబ్దంగా చూసిన మాటల కన్నా నోటితో పలికిన మాటలు బాగా గుర్తుంటాయని 2010లో వాటర్లూలోనే కొలిన్ మెక్లౌడ్ బృందం చూపించింది. కానీ కొన్ని పైకి, కొన్ని లోపల చదివినప్పుడే ఆ తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. అన్నీ పైకే చదివితే ఏదీ ప్రత్యేకంగా నిలవక, లాభం చాలావరకు కరిగిపోతుంది. కాబట్టి పాఠం మొత్తం అరిచి చదివే బదులు ముందు కళ్లతో చదివి అర్థం చేసుకుని, సూత్రాలు, తారీఖులు, పేర్లు వచ్చే వాక్యాలు మాత్రం పైకి చదవాలి. పక్క గదిలో నిద్రపోయేవాళ్లు కూడా దీనికి అభ్యంతరం చెప్పరు.